జప్తు చేసిన పుంటికూర

పోయిన నెల పేపర్లో, జిల్లా పేజీ అడుగున మా ఇన్‌స్పెక్టర్ గారి ఫోటో పడింది. గంజాయి మహమ్మారిపై జీవితాంతం పోరాడిన అధికారి కన్నుమూశారని రాశారు. టీ కొట్టు ముందు నిలబడి చదువుతున్నవాణ్ని పకపకా నవ్వేశాను. కొట్టతను అదోలా చూశాడు. పోయిన మనిషి ఫోటో చూసి నవ్వడం మర్యాద కాదని నాకూ తెలుసు. కానీ ఆబ్కారీ ఆఫీసులో పదిహేనేళ్లు ఆయన నోటినుంచి వచ్చిందల్లా కార్బన్ పేపర్లు పెట్టి మూడు ప్రతులు రాసిన గుమాస్తాను నేను. ఆ పోరాటం ఎంత గొప్పదో ఆయన తర్వాత తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

మనిషి మహా నీటు. ఖాకీ చొక్కా మడత నలిగేది కాదు. జేబులో అత్తరు చల్లిన తెల్ల రుమాలు ఎప్పుడూ ఉండేది. పట్టుకున్న గంజాయి పొట్లం బల్లమీదికి రాగానే ఆ రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని ముఖం గోడవైపు తిప్పేవాడు. అంత సర్వీసులో ఆయన గంజాయిని ముట్టుకోగా చూడలేదు, వాసన చూడగా చూడలేదు. దొరికింది గంజాయో గడ్డో తేల్చాల్సిన మనిషి ఆయనే. "ఒకసారి చూడండి సార్" అంటే ఒకటే జవాబు.

"ముందు రాయి. చూసుడు తర్వాత."

మాకు నెలకు ఇన్ని కేసులని పైనుంచి ఆర్డరు. నెలాఖరు దగ్గరపడి కేసులు తక్కువైతే జీపు ఖిలా వరంగల్ వైపు తిరిగేది. కోటలో కూలిన రాళ్ల నీడన ఒక బైరాగి ఉండేవాడు. చిలుము తాగడం తప్ప లోకానికి ఏ హానీ చేయని ముసలివాడు. మొదట్లో కాళ్లావేళ్లా పడేవాడట. నేను ఉద్యోగంలో చేరేనాటికి ఆ బాధ లేదు. మేం వెళ్లేసరికి గొంగడి మడిచి చంకలో పెట్టుకుని రాతిమీద కూర్చుని ఉండేవాడు.

"ఈ నెల జర లేటైంది సాబ్. మొన్ననే వస్తరనుకున్న. పొట్లం తీసే పెట్టిన" అనేవాడు.

ఇన్‌స్పెక్టర్ రుమాలు అడ్డం పెట్టుకునేవాడు. నేను "నమ్మదగిన సమాచారం అందిన మీదట" అని మొదలుపెట్టేవాణ్ని. ఆ నమ్మదగిన సమాచారం మా ఆఫీసు గోడమీది క్యాలెండర్. బైరాగి నాలుగు రోజులు లోపల కూర్చుని, వేళకింత తిని, మళ్లీ కోటకు పోయేవాడు. జిల్లాలో మత్తు పదార్థాల నిర్మూలన అంటే డెబ్బయిల్లో చాలావరకు ఈ ఒక్క ముసలాయనే.

అసలు సరుకు ఎక్కడినుంచి వస్తుందో తెలియక కాదు. మిర్చి సీజన్లో అడవుల దిక్కునుంచి వచ్చే కొన్ని లారీల్లో మిరప బస్తాల కింద ఏముంటుందో మార్కెట్ హమాలీలకు తెలుసు, టీ పోసేవాడికి తెలుసు. అలాంటి లారీ వచ్చే రోజున మా ఇన్‌స్పెక్టర్ గారికి ఊరవతల ఏదో పని పడేది. కొత్తలో ఒకసారి నోరాపుకోలేక అడిగాను. ఆయన కోపగించుకోలేదు. చల్లగా నవ్వాడు.

"మిర్చి బస్తాలు ఇప్పితే తుమ్ములొస్తయి. పిల్లలున్నోనివి, నీకు గా తుమ్ములతోని ఏం పని?"

ఆ తర్వాత నేను మళ్లీ అడగలేదు.

ఒక్కరోజు మాత్రం చచ్చేదాకా మరిచిపోను. పొద్దున కాలేజీలో ఆయన ఉపన్యాసం. మత్తు మనిషిని తింటుంది, కుటుంబాన్ని తింటుంది, దేశాన్ని తింటుందని రుమాలు ఊపుతూ చెప్పాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. మధ్యాహ్నం ఆఫీసులో సారా దుకాణాల వేలం. అదే చొక్కా, అదే రుమాలు, అదే మనిషి. ఒక ఊరి పాట ముందుకు సాగకపోతే కంట్రాక్టర్లను ఊరించాడు.

"జర ముందుకు రాండ్రి. మంచి ఊరు. మగ్గాలోళ్లు ఎక్కువ. పొద్దుగూకిందంటే తాగకుంటే నిద్రవోరు."

మా నాయన మగ్గం నేసినవాడు. సర్కారు సారా తాగి తాగి, నలభై అయిదేళ్లకే రక్తం కక్కుకుని పోయాడు. ఆ సంగతి ఇన్‌స్పెక్టర్‌కు తెలుసు. సీసాలో పోసి అమ్మితే రాబడి, చిలుములో కాలిస్తే నేరం. ఈ రెండు ముక్కల మీద ఆ శాఖంతా నడిచేది. ఆ రోజు నాకు ఆయన ముఖం మీద ఉమ్మేయాలనిపించింది. ఉమ్మలేదు. వేలం తాలూకు కాగితాలు నీటుగా రాసి సంతకానికి పెట్టాను.

ఇట్లా నడుస్తుండగా, ఎనభైల మధ్యలో ఢిల్లీలో కొత్త చట్టం చేశారు. ఇక గంజాయి కేసంటే నాలుగు రోజుల ముచ్చట కాదు, ఏళ్లకు ఏళ్లు జైలు. బెయిలంటే మేజిస్ట్రేటులే జంకేవారు. చట్టం వెనకాలే పైనుంచి కాగితం దిగింది. ప్రతి చోటా గంజాయి తోటలు పట్టి, ధ్వంసం చేసి, ఫోటోలు పంపాలి. మా ఇలాకాలో గంజాయి తోటలు లేవు. లేవని రాసి పంపితే చేతగానివాళ్లం అవుతాం. ఆయన మూడు రోజులు జీపులో తిరిగాడు. నాలుగో రోజు తొర్రూరు దిక్కున, రోడ్డు మీదినుంచే ఒక చేనువైపు వేలు చూపించి "దొరికింది" అన్నాడు.

అది పుంటికూర చేను. కోస్తా దిక్కు గోంగూర అంటారు. మేం లేత ఆకు పప్పులో వేసుకుంటాం. అందులోనే గోగు రకమైతే మనిషికన్నా ఎత్తుగా పెరగనిచ్చి, కట్టెను నీళ్లలో నానబెట్టి నార తీస్తాం. పెరిగిన చెట్టుకు ఆకు చీలి, అంచులు రంపంలా ఉంటాయి. జీపులో పోయేవాడికి దూరంనుంచి గంజాయిలా కనిపిస్తే కనిపించవచ్చు. దగ్గరికి వెళ్తే మాత్రం పసుపుపచ్చని పూలు కనిపిస్తాయి. ఆకు కొరికితే పళ్లు పులుస్తాయి. ఈ నేలమీద పుట్టి అన్నం తిన్నవాడెవడూ పొరపడడు.

చేను కొమురయ్యది. అరవై దాటిన మనిషి. నార తీసి, ఎడ్ల తలుగులు, బావి మోకులు పేనేవాడు. మమ్మల్ని చూసి తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని ఎదురొచ్చాడు. సంగతి అర్థమయ్యాక నవ్వాడు, పెద్ద సార్లు తమాషా చేస్తున్నారనుకున్నాడు.

"పుంటికూర సారూ ఇది. నారకు ఏసిన. మీకు పప్పులకు గావాల్నంటే తెంపిస్త" అన్నాడు.

నేను ఇన్‌స్పెక్టర్ చెవి దగ్గర చెప్పాను. "సార్, నిజంగానే పుంటికూర."

"ముందు రాయి" అన్నాడాయన.

కానిస్టేబుల్ చేయి పట్టుకున్నాకగాని కొమురయ్యకు భయం పుట్టలేదు. గబగబా ఒక ఆకు తెంపి, రెండు చేతుల మధ్య పెట్టుకుని, దేవుడి ముందు నిలబడ్డట్టు ఆయన ముందు నిలబడ్డాడు.

"ఒక్క ఆకు నోట్లేస్కో సారూ. పులుపు నీకే తెలుస్తది. పుల్లగ లేకుంటే నన్ను ఉరేయుండ్రి."

ఆయన రెండడుగులు వెనక్కి వేసి రుమాలు తీశాడు. "ఆన్ డ్యూటీ ఆఫీసర్‌తోని మత్తు పదార్థం తినిపిస్తవా? ఇది గూడ రాయి" అన్నాడు.

అదీ రాశాను. చేను గట్టుమీద కూర్చుని, తొడమీద అట్ట పెట్టుకుని, నిందితుడు అధికారికి మత్తు పదార్థం తినిపించబోయాడని రాశాను. పంచనామాకు సాక్షులుగా జీపు డ్రైవరు బామ్మర్ది, మా ఆఫీసు ముందు టీ కొట్టువాడు ఎప్పట్లాగే సంతకాలు పెట్టారు.

కొమురయ్య చివరికి చేను సంగతి వదిలేశాడు. గట్టు పక్కన నాలుగు సాళ్లు చూపించి, "గివ్వన్న ఇడిసిపెట్టుండ్రి సారూ" అని మొదలుపెట్టాడు. "ఇత్తనానికి ఉంచిన. మా తాతల నాటి ఇత్తనం. కట్టెకు ఒక దిక్కు ఎర్రచార ఉంటది సూడుండ్రి. ఇంత పొడుగు నార ఇంకే ఇత్తనానికి రాదు. నేను జైలుకు వోయినా వస్త. ఇది వోతే మల్ల రాదు."

ఇన్‌స్పెక్టర్ ఆ నాలుగు సాళ్లే ముందు కోయించాడు. గింజ పట్టిన చెట్లు ఫోటోలో బరువుగా కనిపిస్తాయట.

మర్నాడు పంటంతా లారీలో తెచ్చి ఆఫీసు వెనక మైదానంలో కుప్ప పోశారు. పైఅధికారులు వచ్చారు, ఫోటోగ్రాఫర్ వచ్చాడు. కొమురయ్య భార్య సమ్మక్క కూడా బస్సెక్కి వచ్చి గేటు దగ్గర నిలబడింది. కిరోసిన్ పోసేముందు మా ఇన్‌స్పెక్టర్ కానిస్టేబుల్‌ను పిలిచి, గింజ పట్టిన చెట్లు ఒక పెద్ద కట్ట కట్టించి జీపు వెనక వేయించాడు.

"శాంపిల్ నిన్ననే సీలు వేశాం కదా సార్?" అన్నాను.

"మొత్తం కాలవెట్టినట్టు రాయి" అన్నాడు. నేను రాశాను. విత్తనంతో సహా మొత్తం పంటను తగలబెట్టి ధ్వంసం చేయడమైనదని రాసి, కింద గీత కూడా గీశాను.

పచ్చి కట్టె ఎక్కడ కాలుతుంది? మంట లేదు, బోలెడు పొగ. అది ఆ రోజే నెలాఖరు పద్ధతిలో తెచ్చిన బైరాగి కూర్చున్న వరండాలోకి కమ్మింది. ముసలాయన ఆశగా ముక్కు ఎగబీల్చాడు. ముఖం వికారంగా పెట్టి, అందరూ వినేటట్టు అన్నాడు.

"నలభయ్యేండ్ల సంది తాగుతున్న సాబ్. ఇది గంజాయి గాదు. జర ఎల్లిగడ్డ, ఎండుమిరపకాయ ఏస్తే పుంటికూర పప్పైతది."

పైఅధికారుల్లో ఒకాయన దగ్గు వచ్చినట్టు ముఖం తిప్పుకున్నాడు. ఆ జిల్లాలో గంజాయి గురించి సాక్ష్యం చెప్పగల అర్హత ఉన్న ఒకే ఒక మనిషి చెప్పిన సాక్ష్యం అది. దానికి ఫలితంగా ఆ నెల బైరాగి మీద ఇంకో సెక్షను ఎక్కింది, ప్రభుత్వ విధులకు ఆటంకం కలిగించాడని. ఈసారి ముసలాయన నాలుగు రోజుల్లో రాలేదు. నేను ఆయన్ని మళ్లీ చూడలేదు.

కొమురయ్య జైల్లో పడ్డాడు. శాంపిల్ రిపోర్టు హైదరాబాద్ నుంచి రావాలి, వచ్చేదాకా బెయిలు లేదు. ప్రతి వాయిదాకూ సమ్మక్క తొర్రూరు నుంచి బస్సులో వచ్చి, కోర్టు అయ్యాక మా ఆఫీసుకు వచ్చేది. కొంగులో, ఊళ్లో ఎవరినో అడిగి తెంపుకొచ్చి తడిబట్ట చుట్టిన పుంటికూర కట్ట ఉండేది. వరండాలో కూర్చుని వచ్చినవాడికల్లా ఒక ఆకు అందించేది. "తిని సూడుండ్రి. తిని సార్కు చెప్పుండ్రి." ఆమె పోయాక మా ప్యూను ఆ కట్ట ఇంటికి పట్టుకుపోయేవాడు. మర్నాడు పప్పు ఎంత బాగా కుదిరిందో మా అందరికీ చెప్పేవాడు. అతని ఇంట్లో పొయ్యిమీద అది పుంటికూర, మా బల్లమీద ఫైల్లో గంజాయి.

ఒకసారి ఆమె నా బల్ల దగ్గరికే వచ్చింది.

"నువ్వు రాసెటోనివి గద బిడ్డా. నువ్వన్న ఒక్క ఆకు తిను. పులుపు ఉన్నదని రాయి. నా మనిషి ఇంటికొస్తడు."

ఇన్‌స్పెక్టర్ గది తలుపు తెర కొద్దిగా పక్కకు జరిగి ఉంది. నేను అటు చూశాను. రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాను. ఆమె ఆకు మళ్లీ కొంగులో పెట్టుకుని వెళ్లిపోయింది. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. చెప్పకుండా ఆయన్ని ఒక్కణ్నే తిడితే ఇంకా సిగ్గు.

జనవరి మొదటి వారంలో రిపోర్టు వచ్చింది. గంజాయి కాదు అని రెండు ముక్కల్లో తేల్చేశారు. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివి, సొరుగులో వేసి తాళం తిప్పాడు.

"కోర్టుకు ఇయ్యాళ్నే పంపమంటారా సార్?"

"ఇరవై ఆరు దాటనీ."

ఇరవై ఆరున పరేడ్ మైదానంలో ఆయనకు ప్రశంసాపత్రం ఇచ్చారు, జిల్లాలో మొట్టమొదటి గంజాయి తోటను ధ్వంసం చేసినందుకు. బ్యాండు వాయించారు. మా ఆఫీసు వాళ్లం మూడో వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టాం. పుంటికూర పండించుకున్న నేరానికి కొమురయ్య ఆ రోజూ జైల్లోనే ఉన్నాడు.

ఫిబ్రవరిలో వదిలారు. భార్యాభర్తలిద్దరూ మా ఆఫీసుకు వచ్చారు. మనిషి సగమయ్యాడు, ఊరికే దగ్గుతున్నాడు. తిడతాడేమో, ఏడుస్తాడేమో అనుకున్నాను. ఆయన అడిగింది ఒక్కటే.

"నా ఇత్తనపు కట్టెలు మీ తాన ఏమన్న మిగిలినయా సారూ? పిడికెడు చాలు. వానలకు ఏస్కుంట."

ఇన్‌స్పెక్టర్ గారు కుర్చీలోంచి లేవలేదు. నావైపు చూసి, "పంచనామా తీసి చదివి ఇనిపియ్యి" అన్నాడు. నేను నిలబడి చదివాను. విత్తనంతో సహా మొత్తం పంటను తగలబెట్టి ధ్వంసం చేయడమైనది. కొమురయ్య చేతులు జోడించి దండం పెట్టి మెట్లు దిగాడు. సమ్మక్క దిగుతూ ఒకసారి వెనక్కి తిరిగి నావైపు చూసింది. ఆ వానాకాలం కొమురయ్య చేను విత్తు పడక పడావు పడిందని, మరుసటి ఏడు ఆయనా పోయాడని తొర్రూరు దిక్కు కండక్టరు ఒకడు చెప్పగా విన్నాను.

ఇంత జరిగినా నేను ఇన్‌స్పెక్టర్‌ను మూర్ఖుడనే అనుకుంటూ వచ్చాను. పుంటికూరకూ గంజాయికీ తేడా తెలియని పట్నం మొద్దు అని స్నేహితుల దగ్గర ఎన్నిసార్లు నవ్వించానో లెక్కలేదు. మూర్ఖుడి కింద పనిచేశానంటే నా తప్పు కొంత చిన్నదిగా కనిపించేది.

పేపర్లో ఫోటో చూశాక, పదకొండో రోజున వాళ్లింటికి వెళ్లాను. భక్తితో కాదు, ఆఫీసులో అందరూ బయల్దేరితే నేనూ వెళ్లాను. హాల్లో పూలదండ వేసిన ఫోటో పక్కనే ప్రశంసాపత్రం అద్దం కట్టించి ఉంది. విస్తట్లో మొదట వడ్డించింది పుంటికూర పప్పు.

"ఇదంటే ఆయనకు పానం. అందుకే ఇయ్యాల అదే వండించిన" అంది ఆయన భార్య. నన్ను గుర్తుపట్టి, భోజనమయ్యాక పెరట్లోకి తీసుకెళ్లింది. బావి పక్కన పెద్ద మడి. ఆకు ఏపుగా ఉంది.

"మూడేండ్ల సంది ఇదే ఇత్తనం. తొర్రూరు దిక్కు క్యాంపుకు వోయినప్పుడు జీపుల కట్టకు కట్ట తెచ్చిండు. దులిపి, ఎండవోసి, ఆయన చేత్తోనే పెట్టిండు. పొద్దుగాల లేవంగనే మడిలకు వచ్చి ఒక ఆకు తెంపి నోట్లేస్కునేటోడు. 'దీని పులుపే వేరు' అనేటోడు."

వంగి చూశాను. ప్రతి కట్టెకూ ఒక పక్కన ఎర్రచార ఉంది.

ఆయనకు మొదటినుంచీ తెలుసు. రోడ్డు మీదినుంచి వేలు చూపించినప్పుడే తెలుసు. కొమురయ్య ఆకు పట్టుకుని నిలబడినప్పుడు, అది ఎంత పుల్లగా ఉంటుందో తెలిసే రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. మంచి విత్తనమని కూడా గుర్తుపట్టాడు. ఇన్నేళ్లు నేను నవ్వుకున్న మూర్ఖుడు అసలు లేనే లేడు.

"నువ్వు గూడ తీస్కపో. ఇసొంటిది బజార్ల దొరకది" అంటూ ఆమె నిరుటి గింజలు కాగితంలో కట్టి ఇచ్చింది. ఆమెకు ఏమీ తెలియదు. నేను చెప్పలేదు.

ఇంటికి పోలేదు. బస్టాండుకు పోయి తొర్రూరు బస్సెక్కాను. పొట్లం చొక్కా జేబులో ఉంది. సమ్మక్క ఇంటిముందు చీపుళ్లు కడుతోంది. నన్ను గుర్తుపట్టినట్టు కనిపించలేదు. పొట్లం విప్పి ఆమె చేతిలో పోశాను. ఆమె గింజలు వేలితో అటూ ఇటూ కదిపింది. ఒకటి పంటికింద పెట్టి కొరికింది. తర్వాత గింజ ఒక్కటి కూడా కింద పడకుండా కొంగున పోసుకుని, గట్టిగా ముడివేసింది.

అప్పుడు తలెత్తి నా ముఖం చూసింది.

"నువ్వే గద బిడ్డా, మొత్తం కాలవెట్టినం అని సదివినోనివి?"

"అవునవ్వా" అన్నాను. "రాసింది గూడ నేనే."